సోడాబుడ్డి చరిత్ర, నేను తూకానికి అమ్మించిన సీసాలు

మా ఇంట్లో టీవీ పక్కన అద్దాల బీరువాలో ఓ గోలీసోడా సీసా ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే. "సోడాబుడ్డికి ఇంత మర్యాదేంటండీ?" దాన్ని 12 పౌండ్లు పెట్టి కొన్నానని చెప్తే నవ్వుతారు. అంతకుముందు అలాంటివే ఓ 400 సీసాలు తూకానికి అమ్మించిన ఘనుణ్ణి నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పేస్తున్నాను.

మాది తెనాలి దగ్గర ఓ పల్లెటూరు. తాతయ్యకి సోడాకొట్టు ఉండేది. కొత్త సీసాలు కొనే స్తోమత లేక, మూతపడ్డ సోడా కంపెనీల సీసాలు చవగ్గా తెచ్చేవాడట. అందుకని ఒక్కోదాని మీద ఒక్కో పేరు, ఒక్కో ఊరు ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. మద్రాసు, బెజవాడ, రాజమండ్రి... ఓ రెండు మూడింటి మీద రంగూన్ అని కూడా. బళ్ళో ఏబీసీడీలు మొదలెట్టకముందే నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కునేవాణ్ణి.

2003లో ఊళ్ళో ఇల్లు అమ్మేశాం. కొట్టు మూసేసి అప్పటికే చాలా ఏళ్ళయింది. చెక్కపెట్టెల్లో సీసాలు మాత్రం పెరట్లో పాకలో అలాగే ఉన్నాయి. "నాన్నా, ఆ చెత్తంతా ఎవడికైనా ఇచ్చెయ్" అని హైదరాబాదు నుంచి ఫోన్లో చెప్పింది నేనే. పాతసామాన్లవాడు రిక్షా మీద రెండు ట్రిప్పులు వేశాడట. తాతయ్య అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడట, ఒక్క మాట అనలేదట. మరుసటేడు ఆయన పోయాడు.

2007లో ఆన్‌సైట్ పని మీద ఇంగ్లండులో లీడ్స్ వెళ్ళాను. ఓ ఆదివారం పాత సామాన్ల సంతలో తిరుగుతుంటే ఓ ముసలాయన బల్ల మీద వరసగా సోడాబుడ్లు! మామూలు లేత ఆకుపచ్చవి పది పన్నెండు పౌండ్లు. ముదురు నీలం రంగుది మాత్రం ముట్టుకోనివ్వలేదు. దానికి వందల పౌండ్లు పలుకుతుందన్నాడు. నాకు కాళ్ళు కదల్లేదు. అక్కడ మొదలైంది ఈ పిచ్చి.

సరే, చరిత్రలోకొద్దాం. గోలీసోడా అచ్చమైన మన సరుకే అని చాలామంది నమ్మకం. నాదీ అదే. కానీ ఆ సీసా కనిపెట్టింది హైరమ్ కాడ్ (1838-1887) అనే ఇంగ్లీషాయన. 1872లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు ఇంగ్లండులో సోడాని కోడిగుడ్డు ఆకారపు సీసాల్లో పోసేవాళ్ళు. కావాలనే నిలబడకుండా చేశారు. పడుకోబెడితే బెండు బిరడా ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఎండి గ్యాస్ వదిలెయ్యదు. కాడ్ బిరడానే పీకేశాడు. సీసా మెడలో ఓ గాజు గోలీ, మూతి లోపల ఓ రబ్బరు వాషరు. తలకిందులుగా పెట్టి సోడా నింపి వదిలితే, లోపలి గ్యాసే గోలీని తోసి మూతి బిగించేస్తుంది. ఆపాల్సిన గ్యాస్‌తోనే మూత వేయించాడన్నమాట! ఇంతకంటే ముచ్చటైన డిజైను నా ఇరవై ఏళ్ళ సర్వీసులో చూడలేదు. పోసేటప్పుడు గోలీ మళ్ళీ వెనక్కొచ్చి అడ్డం పడకుండా మెడలో రెండు నొక్కులు కూడా పెట్టాడు.

లీడ్స్‌కి దగ్గర్లోనే బార్న్‌స్లీ అనే ఊరుంది. కాడ్ అక్కడి గాజు ఫ్యాక్టరీ యజమానులు రైలాండ్స్ వాళ్ళతో కలిసి ఈ సీసాలు చేయించాడు. అక్కణ్ణుంచి అవి సీమ సరుకుగా మన దాకా వచ్చాయి. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకు మూతకి పేటెంటు తీసుకున్నాడు. 1900ల మొదట్లో మైకేల్ ఓవెన్స్ సీసాలు ఊదే మిషను తయారుచేశాడు. ఈ రెండిటి దెబ్బకి గోలీసీసా మెల్లగా పుట్టింట్లోనే అడ్రసు లేకుండా పోయింది. మెట్టినిల్లయిన మన దేశంలో మాత్రం నిక్షేపంగా బతికింది. జపాన్లో కూడా రామునె అనే పేరుతో ఉంది.

ఆ ముసలాయన నాకు సీసా చదవడం నేర్పాడు. పక్కన సన్నగా నిలువు గీత కనబడుతుందే, అది అచ్చు అతుకు. అది మూతి చివరిదాకా వెళ్తే మిషను సీసా. మెడ దగ్గర ఆగిపోతే చాలావరకు మూతి చేత్తో చేసినట్టు. లోపల బుడగలుంటే అదో గుర్తు. అడుగున అరిగిన గీతలు పెట్టెలో ఎక్కి దిగిన లెక్క చెప్తాయి. లేత ఆకుపచ్చ రంగు ఇసుకలోని ఇనుము వల్ల వచ్చింది. నీలానికి కోబాల్టు కలపాలి, అది ఖర్చు, అందుకే తక్కువ చేశారు.

అసలు నన్ను తొలిచేసిన ప్రశ్న వేరే. అక్కడ లక్షల్లో తయారయిన సీసా అరుదైన వస్తువు ఎలా అయింది? గోలీల కోసం పిల్లలు పగలగొట్టేశారు, అదో కారణం. మిగిలినవి ఇళ్ళలోని బొగ్గు బూడిదతో పాటు ఊరి బయట గోతుల్లో పడ్డాయి. దాదాపు వందేళ్ళ తర్వాత జనం పారలు పట్టుకుని అవే గోతులు తవ్వుతున్నారు. మెత్తటి బూడిదలో సీసా చెక్కుచెదరకుండా దొరుకుతుంది. అంటే వాళ్ళు పారేశారు కాబట్టే దొరుకుతోంది!

మరి మన దగ్గర? సోడా తాగి సీసా అక్కడే తిరిగిచ్చేవాళ్ళం. అది కడగబడి, నింపబడి, మళ్ళీ తిరిగేది. వీధి గొడవల్లో సోడాబుడ్లు విసురుకుంటే తప్ప దానికి చావు లేదు. పగిలినా ఊరికే పోదు. ఇసుక కంటే గాజుపెంకులు తక్కువ వేడికే కరుగుతాయి కాబట్టి కొలిమివాళ్ళు ఎదురు డబ్బిచ్చి కొనుక్కుంటారు. ఫిరోజాబాద్ గాజుల్లో ఎన్ని పాత సీసాలు కరిగాయో ఎవరు చెప్పగలరు? మనం తవ్వడానికి గోతులే లేవు.

"మనవాళ్ళకి చరిత్ర మీద శ్రద్ధ లేదండీ" అని తరచూ వింటుంటాను. నేనూ అన్నవాణ్ణే. ఇప్పుడు అనలేను. రాజమండ్రి సోడా కంపెనీవాడికి సీసా అంటే పెట్టుబడి, పాతసామాన్లవాడికి నాలుగు మెతుకులు. వాళ్ళు దాన్ని చివరి పెంకుదాకా వాడుకున్నారు. అది అశ్రద్ధ కాదు, పొదుపు.

అశ్రద్ధ అంటే నాది. అప్పటికి నాకు నెలజీతం వస్తోంది. ఆ సీసాల మీద వచ్చిన డబ్బు మాకు అక్కర్లేదు. ఏ పుస్తకానికీ ఎక్కని చిన్నచిన్న సోడా కంపెనీల పేర్లు ఆ 400 సీసాల మీద ఉన్నాయి. బ్యాకప్ తియ్యకుండా డిస్కు ఫార్మాట్ చేస్తే జూనియర్లని ఎన్నిసార్లు తిట్టానో! నేను చేసిందేమిటి?

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గోలీసోడా మాత్రం చావలేదు. 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్ళడం చూసింది, 1993లో తిరిగి రావడమూ చూసింది. 2025లో కేంద్రప్రభుత్వ ఎగుమతుల సంస్థ అపెడా దీన్ని గోలీ పాప్ సోడా పేరుతో విదేశాలకి పంపుతున్నట్టు ప్రకటించింది. ఆ దేశాల్లో బ్రిటన్ కూడా ఉంది. కాడ్‌గారి గోలీ మళ్ళీ పుట్టింటికెళ్తోందన్నమాట.

బీరువాలో ఉన్నది తాతయ్య సీసా కాదు. బార్న్‌స్లీ వైపుది. పాత సీసాలు కనిపిస్తే నేనిప్పటికీ తిరగేసి చూస్తాను. ఇప్పటిదాకా బెజవాడ పేరున్నది ఒకటి దొరికింది, మూతి విరిగిపోయి. రంగూన్ సీసా దొరకలేదు. అది తెనాలి పక్క పల్లెకి ఎలా వచ్చిందో తాతయ్యకి తెలిసే ఉంటుంది. నేను ఏనాడూ అడగలేదు.

ఈసారి పండక్కి ఊరెళ్తే మీ అటక మీద ఓసారి చూడండి. సీసా దొరికితే ధర కోసం నెట్లో వెతికే ముందు, దాని మీది అక్షరాలు ఇంట్లో పెద్దవాళ్ళకి పైకి చదివి వినిపించండి. సీసా ఎప్పటికైనా దొరకొచ్చు. చెప్పేవాళ్ళు దొరకరు.