ఎం.ఎల్.జయసింహ

మోట్గానహళ్ళి లక్ష్మీనర్సు జయసింహ (మార్చి 3, 1939 - జూలై 6, 1999) భారతదేశానికి చెందిన మాజీ టెస్ట్ క్రికెట్ క్రీడాకారుడు. సికింద్రాబాదులో జన్మించిన ఇతడు 1959 నుంచి 1971 వరకు 39 టెస్టులు ఆడి, 30.68 సగటుతో 2056 పరుగులు సాధించాడు. అందులో 3 సెంచరీలు, 12 అర్థసెంచరీలు ఉన్నాయి. ఈ గణాంకాలు సామాన్యంగానే కనిపిస్తాయి. హైదరాబాదు క్రికెట్‌లో ఇతనికి లభించిన గౌరవం మాత్రం ఇంతకంటె ఎక్కువ పరుగులు చేసినవారిలో చాలామందికి దక్కలేదు.

క్రీడా జీవితం

1954-55లో 15 ఏళ్ళ వయసులోనే హైదరాబాదు తరఫున రంజీ ట్రోఫీలో ప్రవేశించి, ఆంధ్ర జట్టుపై 90 పరుగులు చేశాడు. 1959లో లార్డ్స్ మైదానంలో ఇంగ్లాండుపై తొలి టెస్ట్ ఆడాడు గాని రాణించలేకపోయాడు. 1960 జనవరిలో ఆస్ట్రేలియాతో జరిగిన కలకత్తా టెస్టులో 20 (నాటౌట్), 74 పరుగులు చేశాడు. ఈ టెస్టులో ఐదు రోజులూ బ్యాటింగ్ చేయడం విశేషం. టెస్ట్ చరిత్రలో ఈ ఘనత సాధించిన మొదటి ఆటగాడు ఇతడే. ఆ తరువాత భారత బ్యాట్స్‌మెన్లలో రవిశాస్త్రి (1985), పుజారా (2017) కూడా ఇదే ఈడెన్ గార్డెన్స్‌లో ఐదు రోజులూ బ్యాటింగ్ చేశారు. అదే సంవత్సరం డిసెంబరులో కాన్పూరులో పాకిస్తాన్‌పై ఎనిమిది గంటలకు పైగా ఆడి, 99 పరుగుల వద్ద రనౌటయ్యాడు. చూడముచ్చటైన స్ట్రోకులకు పేరుపొందిన ఆటగాడే ఇంత నిదానంగా ఆడగలగడం గమనార్హం.

1967-68 ఆస్ట్రేలియా పర్యటనకు మొదట ఇతడిని ఎంపిక చేయలేదు. చంద్రశేఖర్ గాయపడగా పిలుపు వచ్చింది. చేరిన కొద్ది రోజులకే, తగిన అభ్యాసం లేకుండానే బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేశాడు. 395 పరుగుల లక్ష్య ఛేదనలో భారత్ 39 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఇతని చివరి టెస్ట్ 1971లో వెస్టిండీస్‌పై పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జరిగింది.

నాయకత్వం

16 సీజన్లపాటు హైదరాబాదు జట్టుకు నాయకత్వం వహించాడు. అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ వంటివారు ఇతని జట్టులో ఆడారు. భారత కెప్టెన్ పటౌడీ సైతం రంజీలో ఇతని నాయకత్వంలోనే ఆడాడు. అయినా టెస్టులలో జయసింహకు కెప్టెన్సీ ఒక్కసారి కూడా దక్కలేదు. రంజీ ట్రోఫీ కూడా అందలేదు. 1964-65లో హైదరాబాదు ఫైనల్ చేరి బొంబాయి చేతిలో ఓడింది. జట్టు మళ్ళీ ట్రోఫీ గెలిచింది 1986-87లో.

పైకెత్తిన కాలరు ఇతని ప్రత్యేకత. తరువాతి కాలంలో అదే నగరానికి చెందిన అజహరుద్దీన్ కూడా కాలరు ఎత్తే ఆడాడు. ఆట విరమించాక జయసింహ జాతీయ సెలెక్టరుగా, రేడియో వ్యాఖ్యాతగా పనిచేశాడు. కుమారులు వివేక్, విద్యుత్ కూడా ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడారు.