మాంచెస్టర్: ఫొటోల్లో, వస్తువుల్లో సామాజిక చరిత్ర

ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలోని మాంచెస్టర్ 19వ శతాబ్దంలో ప్రపంచ నూలు పరిశ్రమకు రాజధాని. అక్కడి కార్మికుల బతుకు మిల్లు లెక్కల పుస్తకాల్లో కంటే పాత ఫొటోల్లో, వాడి అరిగిన పనిముట్లలో బాగా తెలుస్తుంది. 1970లలో మాంచెస్టర్ పాలిటెక్నిక్ పరిశోధకులు సామాన్యుల కుటుంబ ఆల్బమ్‌లు సేకరించి, వాటికి నకళ్లు తీసి భద్రపరచారు. ఎంతో విలువైన పని అది. అయితే స్టూడియో ఫొటోల్లో కార్మికులు ఎక్కువగా కనిపించేది ఉన్నవాటిలో మంచి బట్టల్లోనే. అందుకే ఫొటో పక్కన వస్తువునూ చూడాలి.

చుట్టుపక్కల నేత పట్టణాల్లో వాడిన నాడెనే తీసుకుందాం. చెక్కతో చేసి, రెండు కొనలకూ లోహపు మొనలు బిగించిన ఈ నాడెకు పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. కండె మార్చినప్పుడల్లా పేక దారాన్ని బయటికి రప్పించడానికి నేత కార్మికురాలు ఆ రంధ్రానికి పెదవులు ఆనించి గట్టిగా పీల్చేది. దారంతోపాటు దూది ధూళీ లోపలికి పోయేది. ఒకే నాడెను పలువురు పీల్చడంతో రోగాలు అంటుకునే ప్రమాదమూ ఉండేది. అయినా 20వ శతాబ్దంలో కూడా చాలాకాలం ఇది సాగింది.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యేదాకా ఈ మిల్లుల పత్తిలో అధికభాగం అక్కడి బానిసలు పండించినదే. ఆ ఆల్బమ్‌లలో వాళ్ల ముఖాలు వెతకడం వృథా. ఇక వస్తువుల విషయానికొస్తే, నగరంలోని పీపుల్స్ హిస్టరీ మ్యూజియం కార్మిక సంఘాల పతాకాలను, 1830 నాటి లివర్‌పూల్ రోడ్ రైల్వేస్టేషన్‌లో ఉన్న సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం నూలు యంత్రాలను భద్రపరుస్తున్నాయి.