పల్లె చరిత్ర – 9: పడమటి గాలి, పల్లె కప్పు



పోయిన వారం వెట్టి గురించి రాస్తూ మా తాత డప్పు దగ్గర ఆపాను. శిస్తు కబురు, చావు కబురు, జాతర కబురు అన్నీ చెప్పాను గానీ ఒక చాటింపు మర్చిపోయాను. మొన్న పొద్దున ఫోన్‌కి విపత్తుల సంస్థ మెసేజ్ వచ్చింది, రేపు ఫలానా మండలాల్లో తీవ్ర వడగాలులు అని. అది చదువుతుంటే గుర్తొచ్చింది.

ఉగాది దగ్గర పడితే మునసబు చెప్పి పంపేవాడట. తాత డప్పు కొట్టుకుంటూ మా పల్లెలో మాత్రమే చాటేవాడు: "పొద్దెక్కినాక పొయ్యి ఎలిగించగూడదహో! పొద్దుగూకిందాకా చుట్ట ముట్టించగూడదహో!" ఊళ్లో ఈ చాటింపు లేదు. ఎందుకు లేదో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. గాలి సంగతి తెలుసుకున్నాక అర్థమైంది.

మాది బాపట్లకీ చీరాలకీ మధ్య ఊరు. ఇసక నేల, తాటిచెట్లు, ఒక పక్క కొమ్మమూరు కాలవ. ఊరికి తూర్పున పల్లె, పల్లెకి తూర్పున పొలాలు, ఆ తర్వాత సముద్రం. ఊరికీ పల్లెకీ మధ్య ఆసాముల గడ్డివాముల వరస. ఈ బొమ్మ మనసులో పెట్టుకోండి.

మా తీరంలో చైత్ర వైశాఖాల్లో రోజుకి రెండు గాలులు. పొద్దున్నించి పడమటి గాలి. అది కాగిపోయిన లోపలి నేల మీదుగా వస్తుంది, తేమ ఉండదు. నేల బాగా వేడెక్కాక మధ్యాహ్నానికి సముద్రం మీంచి చల్లగాలి తిరుగుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోరోజు ఒడ్డు దాటి లోపలికే రాదు. మన తీరానికి పెద్ద వడగాడ్పులన్నీ అలాంటి రోజుల్లోనే. అందుకే వాతావరణ శాఖ తీర ప్రాంతాలకి లెక్క వేరుగా పెట్టింది. మైదానంలో 40 డిగ్రీలు చేరితే గానీ వడగాడ్పు మాట ఎత్తరు. తీరంలో 37 చేరి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే చాలు. 2015 మే నెలలో ఆ గాలికే ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా పోయారు.

ఇప్పుడు ఆ గాలిలో తాటాకు కప్పు పెట్టండి. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి. మార్చే శక్తి లేనివాడి కప్పు మరీ ఎండి ఉంటుంది, చేత్తో నలిపితే పొడి. గుడిసెకీ గుడిసెకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు. ఇంకో సంగతి, డెల్టా కాలవలు వేసవిలో కట్టేస్తారు. మంటల కాలమూ కాలవలో నీళ్లు లేని కాలమూ ఒకటే. మిగిలింది ఊరి బావి. దాన్ని మనం ముట్టుకోకూడదు.

మా నాయనమ్మ చెప్పిన మంట 1972ది. అశ్విని కార్తె, కాలవ కట్టేసి వారమైంది. పదిగంటల వేళ ఒక ఆసామి వాము అంటుకుంది. ఎవరి చుట్టో, ఎవరి అగ్గిపుల్లో, ఎవరూ చెప్పలేదు. పడమటి గాలి దాన్ని ఎత్తి మా వరస మీద పోసింది. మగవాళ్లు దోటీలు వేసి ఇంకా అంటుకోని కప్పులు లాగేశారు, అదొక్కటే ఉపాయం. ఆడవాళ్లు కడవల్లో ఉన్న తాగే నీళ్లు గోనెసంచుల మీద పోసి కొట్టారు. కడవలో నీళ్లు ఎంతసేపు వస్తాయి? ఊరి బావి దగ్గరికి పోయిన పిల్లల్ని గట్టు ఎక్కనివ్వలేదు.

రెండు దాటాక గాలి తిరిగింది. సముద్రపు గాలి వచ్చిందంటే మామూలుగా ప్రాణం లేచొస్తుంది. ఆ రోజు అది మంట వెనకవైపు పట్టుకుని మిగిలిన వాముల మీదుగా ఊరి వైపు నడిచింది. అప్పుడు ఊరి బావి చేదలు మోగాయి. "పొగ వాళ్ల ముక్కుకి తగిలినాక నీళ్లొచ్చినయ్యిరా అబ్బాయా" అనేది నాయనమ్మ.

తాత చాటింపు పల్లెకే ఎందుకో ఇప్పుడు చూడండి. మధ్యాహ్నం తర్వాత గాలి తూర్పుది. పల్లె పొయ్యిలో లేచిన నిప్పురవ్వ పడేది ఊరి వాము మీద. పొద్దుటి పడమటి గాలికి ఊరి రవ్వ పడేది మన కప్పు మీద, దానికి చాటింపు లేదు. గాలి లెక్క మునసబుకి బాగా తెలుసు. ఏ గాలి లెక్క డప్పెక్కాలో కూడా తెలుసు. 1984లో మునసబు కరణాల పదవులు పోయాయి, వాళ్లతోపాటు ఆ చాటింపూ పోయింది. పోయిందని నేనేమీ ఏడవడం లేదు.

ఆ రోజు మాకు పోయింది కప్పు ఒక్కటే అయితే ఇంత రాయను. మా ముత్తాతకి బంజరులో ఎకరం డి పట్టా ఉండేది. రేకు పెట్టె లేని ఇల్లు. కాగితాన్ని వెదురు గొట్టంలో చుట్టి చూరులో దోపారు. ముందు కాలేది చూరే. నకలు కోసం తాత మూడేళ్లు ఆఫీసు మెట్లెక్కి దిగాడు. ఈలోపు ఆ ఎకరం గట్టు పక్క చేలో కలిసిపోయింది. ఇప్పుడు అందులో రొయ్యల చెరువు.

మన తీరం చరిత్ర రాసేవాళ్లు సంవత్సరాలు నీటితో లెక్కపెడతారు. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన, అందరికీ తెలుసు. తెలియాల్సిందే. మంటలతో లెక్కపెట్టే సంవత్సరాలు పల్లె నోటిలోనే ఉన్నాయి. ఉప్పెనకి ఊరైనా పల్లైనా ఒకటే, మంట మాత్రం కప్పు చూసి వస్తుంది.

దేశంలో మంటల ముందస్తు హెచ్చరిక లేదని కాదు. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాలతో అడవి మంటల కబురు పంపుతోంది, ఎక్కడ ప్రమాదం ఎక్కువో ముందే చెబుతోంది కూడా. మంచి పని. తేమ, గాలి, ఎండిన ఆకు, ఇవే కదా ఆ లెక్క. తాటాకు కూడా ఆకే. 2016 ఏప్రిల్‌లో బీహార్ ప్రభుత్వం పల్లెల్లో పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా వంట చెయ్యొద్దని చెప్పినప్పుడు పేపర్లు వింతగా రాశాయి. నాకు మా తాత గొంతు వినిపించింది. పొయ్యి ఆర్పమనడం తేలికే. కప్పు మార్చి, నీళ్లిచ్చి చెబితే వేరు.

మాకు స్లాబు ఇల్లు వచ్చింది ఎనభైల చివర్లో. ఆ తర్వాత గ్యాసూ వచ్చింది. అయినా చైత్రం వస్తే నాయనమ్మ కోడి కూతకే అన్నం వార్చేసేది. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు పక్క మేకుకి తగిలించేది, పరిగెత్తేటప్పుడు చేతికందాలని. మేం నవ్వేవాళ్లం.

మీ పల్లె ఊరికి ఏ దిక్కున ఉందో, వేసవి చాటింపు ఏముండేదో మీ ఇంటి పెద్దల్ని అడిగి రాయండి. జిల్లాలవారీగా రాసి పెట్టుకుంటున్నాను.