పెరటి మిరప పుట్టుపూర్వోత్తరములు

ఆంధ్రుని భోజనమునకు కారమే ప్రాణమని లోకము చెప్పుకొనును. ఆ కారమునకు మూలమైన మిరప అనాదిగా మన నేలలోనే పుట్టి పెరిగినదని పెక్కుమంది తలంపు. అది నిజము కాదు. కాకతీయుల కాలమున గాని, రెడ్డిరాజుల కాలమున గాని ఈ దేశమున మిరపమొక్క లేదు. పలనాటి తిండిని గూర్చి చాటువులు చెప్పినాడని పేరొందిన శ్రీనాథుడు కూడ మిరపకాయ రుచి ఎరుగడు. ఆనాటి కారము మిరియములది, పిప్పళ్లది, శొంఠిది, ఆవాలది.

మిరపకు పుట్టినిల్లు అమెరికా ఖండము. మెక్సికో ప్రాంతపు జనులు కొన్నివేల సంవత్సరములకు పూర్వమే దీనిని సాగునకు తెచ్చిరి. 1492లో కొలంబసు ఓడలెక్కినది మిరియములు మొదలగు సుగంధద్రవ్యములు దొరకు తూర్పుదేశములకు దారి వెదకుచునే. చేరినది మాత్రము కరేబియను దీవులకు. అచ్చటివారు తినుచున్న కారపు కాయను చూచి, ఇది వారి మిరియమనియు, మనకు తెలిసిన మిరియముకంటె మేలైనదనియు 1493 జనవరిలో తన దినచర్యలో వ్రాసికొనెను. 1498లో వాస్కోడగామా కాలికట్టు తీరమునకు వచ్చెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. వారి ఓడలవెంటనే ఈ విత్తనము మన పడమటి తీరమున దిగినది.

ఇందులకు పేరే సాక్ష్యము. మిరియమువలె మండెడి కాయ గనుక మనకది మిరపకాయ అయినది. తమిళులు మిళగు అను మిరియపు పేరునుండి మిళగాయి అనిరి. కన్నడిగులు మెణసు అను మాటనుండి మెణసినకాయి అనిరి. కాయ పరాయిది, పేరు మాత్రము మన యింటిది.

మిరియమును మిరప ఏల గెలిచినది? మిరియపు తీగకు మలబారు కొండల నీడయు, జడివానలును కావలెను. నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. మన మైదానములలోనివారు దానిని అంగడిలో కొనవలసినదే. మిరపయో, ఎండకోర్చును, కొద్ది నెలలలోనే కాయును. ఒక్క ఎండుకాయలోని గింజలు ఒక పెరటికి చాలును. కాసులిచ్చి కొనలేని కారమును పేదవాడు తన గోడప్రక్కనే పండించుకొనగలిగెను. మనము బడిలో వల్లించిన యుద్ధములలో పెక్కింటికంటె ఇది పెద్ద మార్పని నా అభిప్రాయము. గంజితో పచ్చిమిరపకాయ నంజుకొను కూలివానికి అందులో సి విటమిను కూడ దక్కినది. హంగరీ శాస్త్రజ్ఞుడు సెంట్ గ్యోర్గి ఆ విటమినును విరివిగా సంపాదించినది మిరపజాతి కాయలనుండియే. ఆయనకు 1937లో నోబెలు బహుమానము వచ్చినది.

పితృకార్యపు వంటలో మాత్రము నేటికిని పెక్కు ఇండ్ల మిరపకాయ వేయరు, మిరియములే వాడుదురు. పితృదేవతలకు పాతరుచియే కావలెను కాబోలు! దిష్టి తీయుటకు మాత్రము ఎండుమిరపకాయ లేనిదే గడవదు.

ఓడవారు విత్తనము తెచ్చిరి, దానిని మన విత్తనముగా చేసినవారు పెరటి స్త్రీలు. తెగులు లేని మొక్కను ముందే గుర్తించి, దాని కాయలను చెట్టుననే పండనిచ్చి, నీడను ఆరబెట్టి, గింజలను బూడిదతో కలిపి కుండలో దాచెడివారు. తేనెటీగలు పుప్పొడిని కలిపివేయును గనుక విత్తనపు మొక్క ఎడముగా నుండుట మేలు. సుమారు ఆరువారముల నారును తీసి నాటవలెను. స్నానపునీరు పారుచోట చక్కగా పెరుగును గాని, నీరు నిలిచినచో వేరు కుళ్లును. ఆకు పైకి ముడిచినచో తామరపురుగు, క్రిందికి ముడిచినచో నల్లి పట్టినదని గ్రహింపవలెను. మంట గింజలో నున్నదందురు, నిజమునకు అది గింజలంటియుండు తెల్లని ఈనెలో నుండును. పక్షులకు ఆ మంట తెలియదు. కంచెవెంట ఎవరును నాటని మొక్కలు మొలచుట పిట్టల చలువయే.

నేడు పొలములలో సంకర విత్తనములే ఎక్కువ. వాని పంటనుండి తీసిన గింజకు తల్లి గుణము నిలువదు, ఏటేట కొనవలసినదే. 2021 చివర నల్ల తామరపురుగు ఉభయ తెలుగు రాష్ట్రముల మిరపతోటలను తుడిచిపెట్టినప్పుడు అప్పుచేసి విత్తనము కొన్నవారు ఎంత కుమిలిరో మన యూరివారికి చెప్పనక్కరలేదు. పెరటి విత్తనమైనను నిలిచియుండవలెనని నా కోరిక.

మా నాయనమ్మ నాటినుండి మా యింట నిలిచిన పొట్టి మిరప ఒకటి కలదు. ఈ రజతోత్సవ సందర్భమున దాని గింజలను చిన్న పొట్లములుగా కట్టి గ్రంథాలయపు బీరువాలో క్రింది అరలో ఉంచితిని. చందాదారులు పుస్తకమువలెనే పద్దు వ్రాయించి తీసికొనవచ్చును. వచ్చు శివరాత్రినాటికి రెండు పొట్లములు తిరిగి ఈయవలెను.