హులిగి గుడి నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

నా బడి చదువు తమిళ మీడియం. తెలుగు చదవడం స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన మామూలు మాటల్లోనే రాస్తున్నాను.

2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో పద్మశ్రీ తీసుకోవడానికి వెళ్ళిన ఒకావిడ, ముందుగా రామ్‌నాథ్ కోవింద్ గారికి చీర కొంగుతో దిష్టి తీసింది. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆవిడ మన బళ్ళారి జిల్లా మనిషి. కల్లుకంబ ఊళ్ళో మంజునాథ శెట్టిగా పుట్టిన మంజమ్మ జోగతి.

ఈడు వచ్చేసరికి ఆ అబ్బాయికి తాను ఆడదాన్నని అర్థమైంది. ఇంట్లోవాళ్ళు హులిగెమ్మ గుడికి తీసుకెళ్ళి జోగతి దీక్ష ఇప్పించారు. హులిగి అంటే మునిరాబాద్ స్టేషన్‌లో దిగి వెళ్ళే ఊరు. 1948 దాకా తుంగభద్ర అవతలి ఒడ్డు నిజాముది, ఇవతలి ఒడ్డు మద్రాసుది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. సరిహద్దులు ఇన్నిసార్లు మారినా మొక్కుబళ్ళు మాత్రం మారలేదు.

జోగతులు కొలిచే ఎల్లమ్మ మనకూ తెలిసిన రేణుకే. మన వైపు బవనీలు జమిడిక వాయిస్తూ ఆ కథ చెప్తారు, ఇక్కడ జోగతులు చౌడికె వాయిస్తూ పాడతారు. తండ్రి మాట మీద కొడుకే తల్లి తల నరికిన కథ అది. సౌదత్తిలో మార్గశిర పౌర్ణమికి, అమ్మవారు విధవ అయిందని జోగతులు గాజులు పగలగొట్టుకుంటారు. మాఘ పౌర్ణమికి ఆమె మళ్ళీ ముత్తైదువ అయిందని కొత్త గాజులు వేసుకుంటారు. అంటే అమ్మవారి దుఃఖానికి రెండు నెలల గడువు.

దీక్ష తీసుకున్న బిడ్డ ఇంటి దుఃఖానికి ఆ గడువు లేదు. మొలతాడు తెంపి, చీర కట్టి, గాజులు వేసి, మెడలో ముత్తు కడితే ఆ ఇంటికి కొడుకు లేనట్టే. చావు జరగదు, కర్మలూ ఉండవు, మనిషి మాత్రం పోతాడు. ఆ బిడ్డకేమో తల్లీ తండ్రీ ఇల్లూ ఒక్కసారే పోతాయి. గుడి ఆమెకు చోటు ఇచ్చింది, కాదనను. కానీ ఆ చోటు ఇల్లు వదులుకుంటేనే దొరికింది.

తర్వాత మంజమ్మ విషం తాగింది, బతికింది. చీర కట్టుకొని అడుక్కుతింది. ఒంటరి ఆడది పడే అఘాయిత్యమూ పడింది. ఇవన్నీ ఆవిడే నలుగురిలో చెప్పుకున్న సంగతులు. దావణగెరె బస్టాండు దగ్గర ఒక తండ్రీ కొడుకూ జోగతి నృత్యం చేస్తుంటే చూసి, వాళ్ళ దగ్గర నేర్చుకుంది. తర్వాత కాళవ్వ జోగతి ఆమెను తన మేళంలో చేర్చుకుంది. అప్పటిదాకా చేయి చాచిన మనిషి ఆటా పాటా చూపించి మెప్పు పొందింది. కాళవ్వ పోయాక మేళాన్ని తానే నడిపింది.

2010లో రాజ్యోత్సవ ప్రశస్తి. 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్ష పదవి. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ట్రాన్స్‌జెండర్ ఆవిడే. 2014లో సుప్రీం కోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించింది. 2021లో కర్ణాటక వాళ్ళకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 1 శాతం కేటాయించింది.

ఇక మన సంగతి. జోగమ్మ వాకిట్లోకి వస్తే చాటెడు బియ్యం వేసి, దీవెన తీసుకొని పంపేస్తాం. లోపలికి రమ్మని కుర్చీ వేసిన ఇళ్ళు ఎన్ని? వచ్చే ఉగాది కార్యక్రమానికి ఒక జోగతి మేళాన్ని పిలుద్దాం. ఆహ్వాన పత్రికలో కళాకారులుగా వాళ్ళ పేర్లు వేద్దాం, అందరికీ ఇచ్చే సంభావనే ఇద్దాం.

ఇంకొక మాట. మన ఇళ్ళల్లో ఏ బిడ్డయినా నేను వేరే అని చెప్తే, గుడి దారి, బస్టాండు దారి చూపించకండి. ఆ పూట అన్నం పెట్టి, పక్కన కూర్చొని వినండి. బిడ్డ బతికి ఉండగా ఏడవాల్సిన పని ఏ తల్లికీ లేదు.