రాగి కాసు, ఇంటి డబ్బు: నెల్లూరు సీమలో చిల్లర నాణేలు

నాణేల చరిత్ర చదివే విద్యార్థికి నెల్లూరు పేరు ఒక బంగారు కథతో పరిచయమవుతుంది. 1786లో నెల్లూరు దగ్గర రైతు ఒకడు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద కుండలో రోమన్ బంగారు నాణేలు కనిపించాయి. చాలావాటిని కరిగించేశారు. మిగిలినవి పుస్తకాలకెక్కాయి. కాని బంగారు నాణెం ఇచ్చి ఎవరూ వీశెడు ఉప్పు కొనరు. సంతలో చెల్లేది చిల్లర. ఈ పాఠంలో మనం చూడవలసింది దానినే.

1801లో కర్ణాటక నవాబు రాజ్యంతో పాటు నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. కంపెనీ లెక్క ప్రకారం 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే వరహాకు 3,360 కాసులు. ఆ కాసులు కొంతకాలం ఇంగ్లండు నుంచి వచ్చాయి. 1803, 1808 సంవత్సరాల ముద్రతో బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో తయారైన రాగి నాణేలు ఓడల్లో మద్రాసు చేరాయి. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే మునిగింది. 1980లలో దాని నుంచి లక్షల నాణేలు పైకి తీశారు. ఆ నాణేలపై ఇంగ్లీషు, పారశీక అక్షరాలున్నాయి. తెలుగు లేదు!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 42 అన్నది కంపెనీ కాగితం మీది మాట. బజారులో ఆ ధర మారుతుండేది. ఒక లెక్క వేసి చూడండి. కోవూరు మాగాణిలో కోతకు వెళ్లిన కూలికి ముట్టేది రాగి. అతడు వరహాల్లో బాకీ తీర్చాలి. షరాబు వరహాకు 45 ఫణాలు అడిగితే 3 ఫణాలు, అంటే 240 కాసులు, వట్టం కింద పోతాయి. రాగి పుచ్చుకొని బంగారంలో చెల్లించవలసినవాడే ఎప్పుడూ నష్టపోతాడు. పాలకులు మారినా ఈ నష్టం కనబడదు, ఎందుకంటే దానికి శాసనం వేయించేవారు లేరు.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. పోపు పాలనలోని రోములో ఐదు క్వాత్రీనోలు ఒక బయోక్కో, నూరు బయోక్కోలు ఒక వెండి స్కూదో. 1797లో నెపోలియన్‌కు భారీ పరిహారం చెల్లించవలసి వచ్చిన ఆరవ పయస్ పోపు ప్రభుత్వం పీటరు, మేరీ బొమ్మలతో రాగి నాణేలను విస్తారంగా ముద్రించింది. బొమ్మ పవిత్రమైనదే, కాని రాగి రాగే కదా. ఇటాలియన్‌లో నేటికీ 'క్వాత్రీని' అంటే డబ్బు. మన 'డబ్బు' కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే. ధనానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు రెండు భాషలూ చేతిలో ఉన్న చిల్లరనే చూశాయి. నాకు మాత్రం రోమన్ కుండకన్నా ఈ ఒక్క మాటే పెద్ద ఆధారం.

1818లో మద్రాసులో వరహా స్థానంలో రూపాయి ప్రమాణమైంది. 1957లో నయాపైసలు వచ్చాయి. అణాకు ఆరు నయాపైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది. పావు పైసా ఎవరికి పోయిందో మీరే ఆలోచించండి.

మీ ఇంట్లో పాత రాగి నాణెం ఉంటే బరువు తూచి, రెండు వైపులా ఉన్నది కాగితం మీద గీసుకోండి. చింతపండుతో మాత్రం తోమకండి, అక్షరాలు పోతాయి.