మా ఇంట్లో ఫుట్‌బోర్డు కథలు

నెల్లూరు వైపు నుంచి మదరాసు వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. మా పెద్దల బడి కబుర్లలో పుస్తకాలకన్నా బండ్ల ఊసే ఎక్కువ. తాతయ్య ట్రాములో బడికి వెళ్లారు. 1895లో మొదలైన మదరాసు ట్రాములు 1953లో ఆగిపోయాయి. కదిలే ట్రాములోంచి దూకడం ఆయన గొప్పగా చెప్పేవారు. నాన్నది సిటీ బస్సుల కాలం. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడి, ఓసారి పడి, మోకాలికి తగిలిన దెబ్బ మచ్చను మెడల్‌లా చూపించేవారు. మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం.

2012తో ఆ కబుర్లు ఆగిపోయాయి. జూలై 25న తాంబరం దగ్గర, స్కూలు బస్సు అడుగున ఉన్న రంధ్రంలోంచి రెండో తరగతి పాప రోడ్డు మీద పడి, ఆ బస్సు చక్రం కిందే చనిపోయింది. మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ ఏడాదే తమిళనాడులో స్కూలు బస్సులకు ప్రత్యేక నియమాలు వచ్చాయి. డిసెంబరు 10న పెరుంగుడి దగ్గర, సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న నలుగురు విద్యార్థులు లారీ తగిలి పోయారు.

అంతకుముందు నియమాలు లేవా అంటే, ఉన్నాయి. 1997 నవంబరులో ఢిల్లీ వజీరాబాద్ వంతెన మీంచి స్కూలు బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. మరుసటి నెల సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది: వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు, కిటికీలకు అడ్డకమ్మీలు, తలుపులకు గట్టి గొళ్లెం, ప్రథమ చికిత్స పెట్టె, బస్సులో తోడుగా ఓ మనిషి ఉండాలి. ప్రతి నియమం వెనకా పిల్లల ప్రాణాలున్నాయి. అయినా పదిహేనేళ్ల తర్వాత ఒక బస్సు అడుగున రంధ్రం ఉండిపోయింది.

తాంబరం పాప చేసిన తప్పేమీ లేదు. అది పెద్దల నిర్లక్ష్యం. పెరుంగుడి సంగతి వేరు. బడి వేళల్లో బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, నిజమే. కానీ వేలాడటం మగతనం అని పిల్లలకు నేర్పిందెవరు? మా ఇంట్లో అయితే మేమే.

ఆ డిసెంబరులో మనవడు "తాతా, మచ్చ కథ చెప్పు" అని అడిగితే, నాన్న మోకాలు కప్పుకుని అన్నారు: "అది కథ కాదురా, అదృష్టం."

ఇప్పుడు ఏటా బడి తెరిచేముందు మేం బస్సెక్కి అడుగు, తలుపు చూస్తాం, ఆయా ఉందో లేదో కనుక్కుంటాం. పిల్లలకు మాత్రం ఒకటే మాట: బస్సు ఆగాకే ఎక్కు, ఆగాకే దిగు. మీ ఇళ్లలోనూ ఇలాంటి వీరగాథలు ఉండే ఉంటాయి. ఈసారి చెప్పేటప్పుడు చివర మా నాన్న మాట కూడా కలపండి.